పంటిలో ద్రవం సంగతి: అమ్మడికి ఒక ఉత్తరం

చిరంజీవి అమ్మడికి,

కొరికినప్పుడు పంటిలోని ద్రవం ఎటు కదులుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టబోతున్నావని తెలిసి పొంగిపోయాను. వెంటనే గుబులూ పుట్టింది.

పంటి ఆకారం మైక్రో సీటీ స్కాన్ (సూక్ష్మ వివరాలు చూపే ఎక్స్-రే స్కాన్) నుంచి తీసుకో. పంటి పైపెంకు ఎనామెల్‌కు బిరుసుదనం (ఎలాస్టిక్ మాడ్యులస్) 80 గిగాపాస్కల్స్, దాని కింది పొర డెంటిన్‌కు 18 పెట్టి మొదలుపెట్టు. డెంటిన్‌లో ద్రవం నిండి ఉండే సన్నటి నాళాలన్నీ గీయాలని కూర్చోకు తల్లీ. పంటి మధ్యలోని మెత్తటి భాగం పల్ప్ దగ్గర చదరపు మిల్లీమీటరుకు 45 వేల దాకా ఉంటాయి, ఏ యంత్రమూ మోయలేదు. పంటి మోడల్‌లో వచ్చిన కదలికలను తెచ్చి, ఒక్క నాళమున్న చిన్న మోడల్ అంచులకు తగిలించు. ఆ నాళం పల్ప్ వైపు సుమారు 2.5 మైక్రాన్ల వెడల్పుంటుంది, ఎనామెల్ చేరేసరికి 0.8కి సన్నబడుతుంది. సగటున 1.65 వేసి తిన్నటి గొట్టం చేశావో, ప్రవాహానికి ఉండే అడ్డు మూడోవంతుకు పడిపోతుంది. మిల్లీమీటర్లు, న్యూటన్లు, మెగాపాస్కల్స్‌లో పనిచేస్తే నీటి స్నిగ్ధత 10⁻⁹. అలవాటుకొద్దీ 10⁻³ కొట్టకు.

ఇక నా భయమంతా నాళం బయటి కొస గురించే. అక్కడ పీడనం సున్నా అని, అంటే కొస తెరిచి ఉన్నట్టు, రాసేస్తారు, చెయ్యి తిరిగినవాళ్ళు కూడా. సాల్వర్ (లెక్క చేసే ప్రోగ్రామ్) పేచీ పెట్టదు, అదే ముప్పు. ఎనామెల్ చెక్కుచెదరని పంటిలో ఆ కొస మూసుకున్నట్టే. పల్ప్‌లోనేమో రక్తప్రసరణ వల్ల ఎప్పుడూ 10-15 మిల్లీమీటర్ల పాదరసం, అంటే 2 కిలోపాస్కల్స్ దాకా పీడనం ఉంటుంది. కొస తెరిచి పెడితే ఎవరూ కొరకకపోయినా ద్రవం బయటికి పారుతూనే ఉంటుంది. దాని మీద 100 న్యూటన్ల కాటు వేసి, తెర మీద కనిపించే బాణాలన్నీ కాటువేనని నమ్ముతారు. జివ్వుమనే నొప్పికి ఈ ద్రవం కదలికే కారణమంటున్న చోట, ఆ తప్పు బొమ్మ ఎంత దూరం పోతుందో ఆలోచించు.

అందుకని ముందు లోడ్, అంటే కాటు బలం, లేకుండా నడిపించు. కొస మూసిన నాళంలో వేగం సున్నా రావాలి. రాకపోతే అక్కడే ఆగు, ముందుకు పోతే ఊరుకోను. డెంటిన్ బయటపడ్డ పన్నయితే కొస తెరవచ్చు. అప్పుడు లోడ్ లేనప్పటి ప్రవాహాన్ని విడిగా రాసుకుని తీసెయ్.

లోడ్ ఒక్క స్టెప్‌లో వెయ్యకు. మూసిన నాళంలో ద్రవం వేగం, బలం ఎంతన్నదాని మీద కాదు, ఎంత త్వరగా పెరిగిందన్నదాని మీద ఉంటుంది. బలం పట్టి ఉంచితే ద్రవం నిలవాలి, వదిలితే వెనక్కి రావాలి. ఈ రెండూ చూడందే ఏ అంకెనూ నమ్మకు.

లోడ్ లేని గ్రాఫ్ ముందు పంపు, రంగుల బొమ్మ తరవాత చూస్తాను. రాత్రుళ్ళు సాల్వర్‌ని నడవనిచ్చి నువ్వు నిద్రపో.

ఆశీస్సులతో,
మామయ్య