ఉప్పునీటి తొట్టెలో ఏ ఇసుక వేయాలి?

చిట్టితల్లీ,

విశాఖలో ఉప్పునీటి అక్వేరియం పెడుతున్నావని మీ నాన్న చెప్పగానే ఎంత సంతోషమైందో! "బీచ్ పక్కనే ఉంది కదా, ఇసుక ఊరికే వస్తుంది" అన్నావట. దాంతో గుండె జారింది. ఆ ఇసుక తేకమ్మా.

విశాఖ–భీమిలి తీరంలో ఇసుక మీద నల్లచారలు చూశావుగా? ఇల్మెనైట్, గార్నెట్ లాంటి బరువు ఖనిజాలవి. గట్టి అయస్కాంతం తిప్పు, నల్లరేణువులు గుత్తులుగా పట్టుకుని లేస్తాయి. అద్దం తుడిచే మాగ్నెట్ బ్రష్‌కీ అలాగే అంటుకుంటాయి. చూసుకోకుండా ఒక్కసారి రుద్దావా, అద్దం మీద పడ్డ గీత ఇక పోదు. ఆ పైన ఊరి మురుగు, పడవల నూనె. ఎన్ని నీళ్లతో కడిగినా పూర్తిగా వదిలిందని చెప్పలేం. చేప చచ్చాక గానీ తెలియదు.

అరగొనైట్ అనే సున్నపు ఖనిజం ఇసుక కొనుక్కో. వెనిగర్ చుక్క వేస్తే నురగ రావాలి. అది ఉంటే నీళ్ల పీహెచ్ దానంతటదే నిలుస్తుందని మాత్రం నమ్మకు, పీహెచ్ 8 పైన ఉన్నంతకాలం ఆ ఇసుక కరగదు. కేహెచ్, అంటే నీళ్ల క్షారత్వం, పరీక్ష మానొద్దు. రేణువు 1–2 మి.మీ. ఉండాలి. పంచదారకన్నా సన్నమైతే అలలు పుట్టించే వేవ్‌మేకర్ ధాటికి లేచి కోరల్స్ (పగడాలు) మీద పడుతుంది. 4–5 మి.మీ. ముక్కలైతే సందుల్లో మేత కుళ్లి నైట్రేట్ పెరుగుతుంది. పగడపు ముక్కలు చవగ్గా ఇస్తామంటే వద్దను. రాతి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి.

మందం 3–4 సెం.మీ. చాలు. నీ 90×45 సెం.మీ. తొట్టెకి 4 సెం.మీ. అంటే 16 లీటర్లు, ఇంచుమించు 24 కిలోలు. సంచులు ఒక్కదానివే మోయకు, నడుం పట్టేస్తుంది. ఇసుకలో దూరి పడుకునే రాస్ చేపలు కావాలంటే 5 సెం.మీ. దాకా వేసుకో. అంతకు మించితే అడుగున గాలాడక హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టి, కెలికినప్పుడు కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది.

ముందు రాళ్లు, ఆ తర్వాతే ఇసుక. రాయి అడుగు గాజు మీదే ఆనాలి. ఇసుక మీద నిలబెడితే గోబీ చేప, పిస్టల్ రొయ్య కిందంతా తవ్వేస్తాయి, రాయి జారి అద్దం పగులుతుంది.

పొడి ఇసుకని బకెట్‌కి 2–3 కిలోల చొప్పున, తేట నీళ్లు వచ్చేదాకా కడుగు. చివరి కడుగు ఆర్‌ఓ నీళ్లతో. మేలుచేసే బ్యాక్టీరియాతో తడిగా అమ్మే లైవ్ శాండ్ అయితే కడగొద్దు. తొట్టెలో నీళ్లు పోసేటప్పుడు ఇసుక లేవకుండా పళ్లెం మీదుగా పోసుకో. రెండు మూడు రోజులు మబ్బుగా ఉంటుంది, కంగారు పడకు.

కొనేముందు సంచి మీది లేబుల్ ఫొటో పంపు, తల్లీ.

ఆశీస్సులతో,
పెదనాన్న