పనిచేస్తున్న సెన్సార్లు మార్చి బిల్లు వేస్తే డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. 2013లో కొన్న పెట్రోలు కారు ఉంది. వేడెక్కాక దారిలో ఆగిపోతోంది, చెక్ ఇంజన్ లైటు వెలుగుతోంది. పార్వతీపురంలో ఒక షెడ్డుకు తీసుకెళ్తే స్కానర్ పెట్టి క్రాంక్ సెన్సార్ (ఇంజన్ తిరగడాన్ని కనిపెట్టేది) పోయిందన్నారు. మార్చినా తగ్గలేదు. తర్వాత ఆక్సిజన్ సెన్సార్ (పొగలోని ఆక్సిజన్‌ను కొలిచేది), ఆపైన మ్యాప్ సెన్సార్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడిని కొలిచేది) మార్చారు. వరసగా 2,800, 4,200, 3,600 చొప్పున 10,600 రూపాయలు ఫోన్‌పేలో కట్టాను. కూలి 2,000 బాకీ ఉంది. చివరికి రాయగడలో మరో మెకానిక్ చూసి, క్రాంక్ సెన్సార్ వైరు ఒరుసుకుని తెగిందని 600కే బాగుచేశాడు. ఆక్సిజన్ సెన్సార్ కూడా మా బండిది కాదేమో అంటున్నాడు. షెడ్డువాళ్లను అడిగితే ‘సెన్సార్లకు గ్యారంటీ ఉండదు, బాకీ కట్టకపోతే ఈసారి బండి కనిపిస్తే ఆపేస్తాం’ అంటున్నారు. తెలుగులో రాసిచ్చిన చీటీ, రెండు స్కానర్ ఫొటోలు పంపుతున్నాను. కేసు వేయొచ్చా? ఎక్కడ వేయాలి? పోలీసులకు చెప్పాలా?

జవాబు: వేయొచ్చు, అదీ రాయగడలోనే. షెడ్డు ఆంధ్రలో ఉంది కాబట్టి అక్కడి కోర్టు చుట్టూ తిరగాలేమోనన్న టెన్షన్ అక్కర్లేదు. 1986 నాటి పాత చట్టం ప్రకారమైతే ఆ ఇబ్బంది ఉండేది. 2020 జులై 20న అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. అంటే రాయగడ జిల్లా వినియోగదారుల కమిషన్. సేవకు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపుంటే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. ఈ-జాగృతి పోర్టల్లో ఇంట్లో కూర్చునే దాఖలు చేయొచ్చు. లాయరు తప్పనిసరి కాదు (మా వృత్తికి గిట్టుబాటు కాని మాటే అయినా చెప్పాలి). తెలుగు చీటీకి మాత్రం ఒడియా లేదా ఇంగ్లిషు అనువాదం జతచేయండి.

అసలు చిక్కు ఏం అడగాలన్న దగ్గర ఉంది. ‘బండి బాగుకాలేదు, మొత్తం 10,600 ఇప్పించండి’ అని రాస్తే అవతలివాళ్లకు జవాబు సులువు. పాత బండి, ఒకదాని తర్వాత ఒకటి పోతుంటాయి, మేం మంచి ఉద్దేశంతోనే మార్చాం అంటారు. సేవలో లోపాన్ని రుజువు చేయాల్సిన బాధ్యత ఫిర్యాదుదారుదేనని సుప్రీంకోర్టు 2021లో ఎస్‌జీఎస్ ఇండియా కేసులో స్పష్టంగా చెప్పింది.

మీ బలమంతా ఆ రెండు ఫొటోల్లో ఉంది. మొదటిది మొదటి రోజు తీసింది, రెండోది క్రాంక్ సెన్సార్ మార్చాక తీసింది. రెండింట్లోనూ కనిపించేది పీ0335 అనే ఒక్క లోపం కోడే. అది క్రాంక్ షాఫ్ట్ పొజిషన్ సెన్సార్ సర్క్యూట్‌కు సంబంధించినది. సర్క్యూట్ అంటే సెన్సార్ ఒక్కటే కాదు, దాని వైరు, కప్లర్ (వైరును తగిలించే ప్లగ్గు), ఎర్త్ అన్నీ వస్తాయి. ఆ దారిలో సిగ్నల్ సరిగా రావడం లేదని మాత్రమే స్కానర్ చెబుతుంది. ఏది పోయిందో మల్టీమీటర్ పెట్టి మనిషే తేల్చుకోవాలి. వేడెక్కాక ఆగి, చల్లబడ్డాక స్టార్టయ్యే బండ్లలో క్రాంక్ సెన్సార్ పోవడం మామూలే కాబట్టి, ముందు దాన్ని మార్చడాన్ని కమిషన్ తప్పుపట్టకపోవచ్చు. ఆ 2,800 మీద నేనైతే పెద్దగా ఆశ పెట్టుకోను. కానీ కొత్త సెన్సార్ వేశాకా అదే కోడ్ వచ్చిందంటే తర్వాత చూడాల్సింది వైరే. దాన్ని వదిలేసి, ఏ కోడూ లేని ఆక్సిజన్, మ్యాప్ సెన్సార్లు మార్చడం పరీక్ష చేయకుండా అమ్మడం కిందికే వస్తుంది. సేవాలోపమని గట్టిగా వాదించగలిగేది ఆ 7,800 గురించే. దానికి వడ్డీ, ఖర్చులు, ఇబ్బందికి పరిహారం కలిపి అడగండి. పది వేల గొడవకు ఐదు లక్షలు అడిగితే మీ మాటకే విలువ తగ్గుతుంది.

తీసేసిన పాత సెన్సార్లు ఎక్కడున్నాయో మీరు రాయలేదు. పాతవి ఇచ్చి తగ్గింపు తీసుకునే ఒప్పందమేదీ లేకపోతే అవి మీ సొత్తే. వెంటనే రాతపూర్వకంగా అడగండి. ఇస్తే, అధీకృత సర్వీస్ సెంటర్లో పరీక్ష చేయించి పనిచేస్తున్నాయని రాయించుకోండి. ఇవ్వకపోతే, ఎందుకు ఇవ్వలేదన్న ప్రశ్నకు వాళ్లే జవాబు చెప్పుకోవాలి. రాయగడ మెకానిక్ దగ్గర కూడా ఏ వైరు, ఎక్కడ తెగింది, ఏం చేశాడు అన్నది సంతకంతో తీసుకోండి. అతనే అఫిడవిట్ ఇస్తే ఇంకా మంచిది. లేబొరేటరీ పరీక్షకు పంపే అధికారం కమిషన్‌కు ఉంది గానీ, నాలుగు వేల పార్టుకు అంత దూరం వెళ్లడం దండగ.

ఆక్సిజన్ సెన్సార్ అనుమానాన్ని తేలిగ్గా తీసుకోకండి. 2017 ఏప్రిల్‌లో దేశమంతటా బీఎస్-4 (బండ్ల పొగకు పెట్టిన కాలుష్య ప్రమాణం) వచ్చేదాకా, పెద్ద నగరాల్లో బీఎస్-4, మిగతాచోట్ల బీఎస్-3 బండ్లు అమ్మేవారు. అందువల్ల ఒకే మోడల్, ఒకే సంవత్సరం బండ్లకు కూడా వేర్వేరు సెన్సార్లు ఉండొచ్చు. కప్లర్ పట్టినంత మాత్రాన పార్టు సరైనదని కాదు. కంపెనీ పార్టుల కౌంటర్లో ఛాసిస్ నంబర్ చెబితే మీ బండికి రావాల్సిన పార్టు నంబర్ ఇస్తారు. సెన్సార్ ఒంటి మీదున్న నంబర్‌తో పోల్చండి. తేడా ఉంటే అది వేరే లోపం, దాన్ని విడిగా రాయండి. కొత్తవాటి డబ్బాలు ఉంటే పారేయకండి. తయారీదారు పేరు, చిరునామా, నెల, సంవత్సరం, ఎమ్మార్పీ వాటి మీద ఉండాలి.

‘గ్యారంటీ ఉండదు’ అన్న మాట సేవాలోపాన్ని కప్పిపుచ్చదు. వస్తువుకో సేవకో బిల్లు ఇవ్వకపోవడం వినియోగదారుల చట్టంలోని 2(47) సెక్షన్ ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. మీ చీటీ మీద షెడ్డు పేరు, తేదీ లేవు. అది వాళ్ల తప్పు, మీది కాదు. డబ్బు కట్టినట్టు ఫోన్‌పే రికార్డు ఉందిగా.

పోలీసుల దగ్గరికి ఇప్పుడే వద్దు. మోసం కేసు నిలవాలంటే మొదటినుంచీ మోసగించే ఉద్దేశం ఉందని చూపాలి. మీ దగ్గర అంత ఆధారం లేదు. పేరున్న కంపెనీ ముద్రతో నకిలీ పార్టు అమ్మారని తేలితే అప్పుడు ట్రేడ్ మార్కుల చట్టం కింద వేరే దారి ఉంది.

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. కొన్ని గొడవలు అక్కడే తెగిపోతాయి. తర్వాత 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. కమిషన్ ఉత్తర్వు ఇచ్చాక షెడ్డువాళ్లు ఒడిశా ఉత్తర్వు మాకెందుకు అనుకుంటే కుదరదు. ఉత్తర్వు పాటించకపోతే 72వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు లేదా కనీసం 25,000 జరిమానా పడొచ్చు.

ఇక బండి ఆపేస్తామన్న బెదిరింపు. కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ప్రకారం, పనిచేసిన మెకానిక్ కూలి అందేదాకా ఆ బండిని తన దగ్గర ఉంచుకోవచ్చు. కానీ బండి మీ చేతికిచ్చేశాక ఆ హక్కు పోయింది. పాత బాకీ పేరుతో రోడ్డు మీదో, ఇంకో పనికి వెళ్లినప్పుడో ఆపే హక్కు వాళ్లకు లేదు. అలా ఆపితే అప్పుడు పోలీసులకు ఫిర్యాదు చేయండి. ఆ 2,000 మీరు ఎగ్గొట్టారన్న మాట రాకుండా, క్రాంక్ సెన్సార్ పనికి న్యాయంగా ఎంత కూలి అవుతుందో అంత ఇవ్వడానికి సిద్ధమేనని నోటీసులోనే రాసేయండి.