డాక్టర్ సంగతి సరే, సిస్టర్ ఉందా?

"నాన్నకి స్టెంట్ వేసిన కార్డియాలజిస్ట్ వేరే హాస్పిటల్‌కి మారిపోయారు, మేమూ ఆయన వెంటే వెళ్ళాలా, ఉన్నచోటే కొత్త డాక్టర్‌కి చూపించుకోవాలా" అని అడిగారు. డాక్టర్ సంగతి తర్వాత చూద్దురుగాని, ముందు ఆ డిపార్ట్‌మెంట్‌లో మీ ఫైల్ చూసే సిస్టర్ ఉందో వెళ్ళిపోయిందో కనుక్కోండి. నవ్వకండి, మా ఇంట్లో తువ్వాలు ఎర్రబడ్డాక తెలిసిన సంగతి ఇది.

మా నాన్నకి 2014లో గుండెలో మైట్రల్ వాల్వ్ (ఒక కవాటం) మార్చారు. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వస్తే ఇంట్లో వాళ్ళు ఏదో నాటు మందుతో సరిపెట్టారట, అది కీళ్ళను వదిలి గుండెను పట్టుకుంది. ఆపరేషన్ విజయవాడలో, ఆరోగ్యశ్రీలోనే. హాస్పిటల్ పేరెందుకులెండి. పెట్టింది చిత్ర వాల్వ్, తిరువనంతపురంలోని శ్రీచిత్ర వైద్య సంస్థ వాళ్ళు రూపొందించింది, 1990 నుంచి మనవాళ్ళకి పెడుతున్నారు. రాత్రి కరెంటు పోయి ఫ్యాన్ ఆగితే పక్క మంచం దాకా టిక్కు టిక్కుమని వినపడుతుంది. మా అమ్మకి మొదట్లో ఆ చప్పుడుకి నిద్ర పట్టేది కాదు.

ఇలాంటి వాల్వ్ ఉన్నవాళ్ళు జీవితాంతం రక్తం గడ్డకట్టకుండా చూసే ఎసిట్రోమ్ మాత్ర వేసుకోవాలి. డోసు తక్కువైతే వాల్వ్ దగ్గర రక్తం గడ్డ కడుతుంది, ఎక్కువైతే ఎక్కడో ఒకచోట కారుతుంది. అందుకే నెలకోసారి ఐఎన్ఆర్ టెస్ట్, అంటే రక్తం ఎంత నెమ్మదిగా గడ్డకడుతోందో చూసే లెక్క, మా నాన్నకి రెండున్నరకీ మూడున్నరకీ మధ్య ఉండాలి. ఇదంతా డాక్టర్ గారు చూసుకుంటారని మీరనుకుంటారు, మేమూ అలాగే అనుకున్నాం. ఆయన ఆరు నెలలకోసారి స్టెత్ పెట్టి, ఎకో (గుండె స్కాన్) రిపోర్ట్ చూసి, "గుడ్, కంటిన్యూ" అనేవారు. గంటన్నర వెయిటింగ్‌కి రెండు మాటలు. మిగతా కథంతా నడిపింది ఈసీజీ గది పక్కన చిన్న టేబుల్ వేసుకుని కూర్చునే ఒక సిస్టర్, ఖమ్మం వైపు అమ్మాయి. ల్యాబ్ కాగితం ఫోన్లో పంపితే చాలు, సోమ బుధ శుక్రవారాలు రెండు మిల్లీగ్రాములు, మిగతా రోజులు మూడు, ఆదివారం సగం అని రాసిన చీటీ ఫోటో తీసి పంపేది. మా నాన్న ఆమెను చీటీ అమ్మాయి అనేవాడు.

ఒకసారి ఐఎన్ఆర్ బాగా తగ్గిపోయింది. ఫోన్ చేసి నేరుగా "బాబాయ్, గోంగూరా, మునగాకా?" అని అడిగింది. ఆయన నీళ్ళు నమిలాడు. "మానేయమనలేదు బాబాయ్, తింటే ప్రతి వారం ఒకే లెక్కన తినమన్నాను, నెలంతా మానేసి ఒక్క వారంలో తట్టెడు తింటే మాత్ర ఏం పనిచేస్తుంది" అని క్లాసు పీకింది. ఆకుకూరల్లో విటమిన్ కే ఉంటుందనీ, అది ఈ మందుకి ఎదురు పనిచేస్తుందనీ మాకు అప్పుడే అర్థమైంది. డిశ్చార్జ్ రోజు ఇచ్చిన ఇంగ్లీషు కాగితంలో ఇదంతా ఉంది, కాకపోతే దాన్ని మేం ఫైల్లో భద్రంగా దాచుకున్నాం.

ఇక అసలు విషయం. 2019 జూన్‌లో మామిడిపళ్ళు ఎక్కువై నాన్నకి విరేచనాలు పట్టుకున్నాయి. ఊళ్ళో ఆర్ఎంపీ మెట్రోనిడజోల్ ఇచ్చాడు. "కొత్త మాత్ర ఏదైనా సరే నాకు చెప్పాకే నోట్లో వేసుకో" అని సిస్టర్ వంద సార్లు చెప్పింది కాబట్టి ఆయన బుద్ధిగా ఆ నంబర్‌కే ఫోన్ చేశాడు. మూడోసారికి ఎవరో కుర్రాడు ఎత్తాడు. "ఆ మేడమ్ మానేసి నెల దాటిందండి. హెల్త్ చెకప్ ప్యాకేజీ గురించా?"

కాదని నాన్న ఫోన్ పెట్టేసి, మాత్ర వేసేసుకున్నాడు. ఆ మెట్రోనిడజోల్ ఎసిట్రోమ్ పనిని విపరీతంగా పెంచుతుందని చెప్పేవాళ్ళు లేరు. అయిదో రోజు పొద్దున పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళ నుంచి రక్తం, మధ్యాహ్నానికి ముక్కులోంచి ధార. తెల్ల తువ్వాలు మడత మీద మడత మారుస్తున్నాం, ఆగట్లేదు. ఆటోలో నరసరావుపేట తీసుకెళ్తే ఐఎన్ఆర్ 6.8. మాత్ర ఆపించి, పడుకోబెట్టి, రోజూ టెస్ట్ చేసి నాలుగో రోజు ఇంటికి పంపారు. తలలో రక్తం కారలేదు, అదృష్టం.

ఆ రాత్రి వార్డు బయట బెంచీ మీద కూర్చుని విజయవాడ హాస్పిటల్ వాట్సాప్ మెసేజ్‌లు వెనక్కి జరుపుకుంటూ చదివాను. ఆ రెండు నెలల్లో అయిదు వచ్చాయి. "మా కుటుంబంలోకి స్వాగతం" అని చేతులు కట్టుకుని నిలబడ్డ కొత్త కార్డియాలజిస్ట్ ఫోటో, పేరు వెనక నేను చదవలేనన్ని డిగ్రీలు. తర్వాత సగం ధరకి ఎకో. మే 12న నర్సుల దినోత్సవ శుభాకాంక్షలు, ఎవరో విదేశీ నర్సు నవ్వుతున్న ఫోటోతో. మా సిస్టర్ ఆఖరి రోజు మే నెలలోనే అని తర్వాత తెలిసింది. ఆ సంగతి మాత్రం ఒక్క ముక్క లేదు.

నా కోపమంతా దీని మీదే. స్టాఫ్ వార్తలంటే వీళ్ళ దృష్టిలో ఫ్లెక్సీ. కొత్త డాక్టర్ వస్తే బస్టాండ్ దగ్గర నుంచి బెంజ్ సర్కిల్ దాకా కడతారు. ఎకో బాగా తీసే టెక్నీషియన్ వెళ్ళిపోతే, రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే క్యాథ్ ల్యాబ్‌కి, అదే స్టెంట్లు వేసే గదికి, పరిగెత్తుకొచ్చే మనిషి మానేస్తే ఎవరికీ చెప్పరు. హార్ట్ ఎటాక్‌తో వెళ్ళినవాళ్ళకి గుమ్మం దాటాక తొంభై నిమిషాల్లో రక్తనాళం తెరవాలంటారు కదా, ఆ తొంభై నిమిషాలు ఒక్క డాక్టర్ చేతిలో ఉంటాయా? 1994లో ఢిల్లీ ఎయిమ్స్‌లో దేశంలో మొదటిసారి విజయవంతంగా గుండె మార్పిడి చేసిన వేణుగోపాల్ గారు మన రాజమండ్రి ఆయన, ఆ మాట చెప్పుకుని మురిసిపోతాం. ఆ రోజు గుండె ఆగి ఉన్నంతసేపూ మిషన్ నడిపిన పర్ఫ్యూజనిస్ట్ పేరు చెప్పండి చూద్దాం. నాకూ తెలీదు.

ఆ అమ్మాయిని మాత్రం తప్పు పట్టలేను. చిన్న జీతం, నైట్ డ్యూటీలు, పైగా మాలాంటి వాళ్ళ ఫోన్లు. గల్ఫ్‌లో ఉద్యోగం వచ్చిందట, వెళ్ళింది. వెళ్ళేముందు పేషెంట్ల లిస్టు రాసి ఇచ్చిందని అక్కడి ఆయమ్మే చెప్పింది, అది ఏ సొరుగులో ఉందో మరి.

సరే, మీ ప్రశ్న. ఫోన్ చేసి ఇద్దరు ముగ్గురు స్టాఫ్ గురించి అడగండి, డాక్టర్‌తో పాటు వాళ్ళూ వెళ్ళి ఉంటే మీరూ వెళ్ళండి, ఇక్కడే ఉంటే ఉండిపోండి. ఎటైనా సరే యాంజియోగ్రామ్ సీడీ, స్టెంట్ కార్డు చేతిలోకి తీసుకోండి, "సిస్టమ్‌లో ఉంటాయండి" అంటే నమ్మకండి. స్టెంట్ వేసినప్పుడు ఇచ్చిన రక్తం పలచబరిచే మాత్రలు ఈ గొడవలో ఒక్కరోజు కూడా ఆపకండి.

మేం హాస్పిటల్ మారలేదు. అదే టేబుల్ దగ్గర ఇప్పుడు ఇంకో అమ్మాయి కూర్చుంటోంది, టేబుల్ మీద జర్మన్ నేర్చుకునే పుస్తకం. మొన్న రివ్యూకి వెళ్ళినప్పుడు మా నాన్న ఆ పుస్తకం తిరగేసి చూసి, "ఎప్పుడు వెళ్తున్నావమ్మా?" అన్నాడు. ఆ పిల్ల నవ్వి, "ఇంకా ఒక పరీక్ష ఉంది తాతయ్యా" అంది.

"పాసైతే ముందు నాకు ఫోన్ చెయ్" అని చీటీ వెనక మా ఇంటి నంబర్ రాసిచ్చాడు.