పాత మారుతీ ఓమ్ని పెట్రోల్ ట్యాంక్‌లో తుప్పు పడితే దించి బాగుచేయొచ్చా?

చేయొచ్చు. కార్బ్యురేటర్ జెట్ (పెట్రోల్ వెళ్లే సన్నటి రంధ్రం) మాటిమాటికీ మూసుకుపోయి, ఫిల్టర్‌లో ఎర్రటి పొడి కనిపిస్తుంటే, ఫిల్టర్ మార్చినంత మాత్రాన తగ్గదు.

బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, ఆరుబయట పెట్రోల్ మొత్తం దించండి. ట్యాంక్ కింద జాకీ, చెక్క ఆనించాకే బోల్టులు విప్పండి. బిగుసుకున్న రబ్బరు గొట్టాలను లాగితే పైపు మూతి వంగుతుంది. కోసేయండి, ఎలాగూ కొత్తవే వేయాలి.

గేజ్ యూనిట్ (ట్యాంక్‌లో పెట్రోల్ ఎంతుందో కొలిచే భాగం) తీసి, సబ్బునీళ్లతో రెండు మూడుసార్లు కడగండి. లీటరు నీటికి 100 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి నిండా పోసి, రాత్రంతా ఉంచండి. తర్వాత వంటసోడా నీళ్లతో కడిగి, వెంటనే కంప్రెసర్ గాలితో ఆరబెట్టండి. ఇక్కడ ఆలస్యమైతే మళ్లీ నారింజ రంగు పొర కమ్ముతుంది, చేసిన పనంతా వృథా.

చిల్లులుంటే ట్యాంక్ మార్చడమే నయం. దయచేసి వెల్డింగ్ జోలికి పోవద్దు: ఖాళీ ట్యాంక్‌లో మిగిలిన పెట్రోల్ ఆవిరే పేలేది.