నెత్తురు సరే, ఆ వెలుతురు మాటేమిటి?

ప్రశ్న: ‘ది రెవనెంట్’ అనే హాలీవుడ్ సినిమా చూశానండి. కొడుకును చంపినవాడి మీద పగ తీర్చుకోవడమే కథ. నెత్తురు ఎక్కువ, కథ తక్కువ. అయినా కళ్లు తిప్పుకోలేకపోయాను. ఎందుకంటారు?
– ఓ పాఠకుడు, చిత్తూరు

జవాబు: వెలుతురు వల్లనండి. 2015లో వచ్చిన ఆ సినిమాను ఛాయాగ్రాహకుడు ఎమ్మాన్యుయెల్ లుబెజ్కీ దాదాపు మొత్తం సహజమైన వెలుతురులోనే తీశాడు. ఛాయాగ్రహణానికి ఆస్కార్ కూడా వచ్చింది. తిరుపతిలో ముప్పై ఏళ్లు ఫోటో స్టూడియో నడిపినవాణ్ని, వెలుతురు పోయేలోపు తీయాలన్న ఆ టెన్షన్ నాకు తెలుసు. సాయంత్రం పెళ్లి జంటను చంద్రగిరి కోటలో నిలబెడితే, రాజమహల్ గోడ మీద ఎండ తేనె రంగుకు తిరిగేది. పెళ్లికూతురు కొంగు సర్దుకునేలోపే పోయేది!

కథ విషయంలో మీ మాటే నాదీ. తండ్రీకొడుకులు కలిసి ఉండగా ఇంకో రెండు సీన్లు పడి ఉంటే, ఆ పగ మనదీ అయ్యేది. ఎలుగుబంటి హీరో మీద పడే సీన్‌కి మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆమెను తప్పుపట్టను, అంత హింస అక్కర్లేదు. మీరు మాత్రం ఇంకోసారి చూడండి. హీరో ఊపిరి ఆవిరి లెన్స్‌ను కమ్మేసే చోట కాసేపు ఆపి మరీ చూడండి.