మీరడిగారు: చిన్న పికప్ కొంటే మళ్ళీ అమ్మేటప్పుడు ఎంతొస్తుంది?

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం అమెరికాలో ఉంటున్న పాఠకుల నుంచే వచ్చాయి, అవి కూడా దాదాపు అన్నీ చిన్న పికప్ ట్రక్కుల మీదే. సెడాన్ అమ్మేసి పికప్ కొనాలని చూస్తున్నవాళ్ళు మనలో ఇంతమంది ఉన్నారనుకోలేదు. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేసి జవాబు రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: నమస్తే అండీ. 2022 ఫోర్డ్ మావెరిక్ హైబ్రిడ్ ఎక్స్‌ఎల్‌టీ ఒకటి చూశాను. 41 వేల మైళ్ళు తిరిగింది. డీలర్ 24 వేల డాలర్లు చెబుతున్నాడు, పైసా తగ్గనంటున్నాడు. వచ్చిన కొత్తలో ఈ బండి 20 వేలే కదా, వాడేసిన బండికి కొత్తదాని కంటే ఎక్కువ పెడతారా అని మా ఆవిడ నవ్వుతోంది. వీడు నన్ను ముంచుతున్నాడా? (ఎడిసన్, న్యూజెర్సీ)

జవాబు: ముంచడం లేదు. అలాగని మీకు మంచి బేరమూ కాదు.

ముందు ఆ 20 వేల సంగతి చూద్దాం. 2022లో మావెరిక్ ప్రకటించిన ధర 19,995 డాలర్లు, నిజమే, కానీ అది అన్నిటికంటే కింది మోడల్‌ ఎక్స్‌ఎల్‌ది, దాని మీద డెస్టినేషన్ చార్జీ, అంటే ఫ్యాక్టరీ నుంచి డీలర్ దాకా తెచ్చే ఖర్చు, 1,495 కలిపితే 21,490. మీరు చూసిన ఎక్స్‌ఎల్‌టీ దానికంటే ఇంకో రెండు వేల పైచిలుకు ఎక్కువ. కాబట్టి మీ ఆవిడ పోల్చాల్సింది 20 వేలతో కాదు, దగ్గర దగ్గర 24 వేలతో. అయినా సరే, ఇన్ని మైళ్ళు తిరిగాక కూడా అదే ధర ఏంటి అనే ప్రశ్న అలాగే ఉంటుంది.

కారణం బండిలో కంటే బయటే ఎక్కువ ఉంది. ఊళ్ళో గాలన్‌కి 42 మైళ్ళ మైలేజీ ఇచ్చే పికప్, ఆ ధరకి, అమెరికాలో ఇంకెవరూ అమ్మడం లేదు. జనం ఎగబడ్డారు. ఫోర్డ్ 2022 జనవరిలోనే హైబ్రిడ్ ఆర్డర్లు ఆపేసింది, 2023 మోడల్‌కి సెప్టెంబర్‌లో తలుపు తీసి కొద్ది రోజులకే మూసేసింది. చిప్‌ల కొరత కాలం కదా, లాట్‌లో ఒక్క బండి ఉన్న డీలర్ కూడా కంపెనీ పెట్టిన స్టిక్కర్ ధర మీద తన మార్కప్, అంటే అదనపు లాభం, అంటించుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత కంపెనీయే ధర పెంచుకుంటూ పోయింది. మొదట్లో అన్ని మోడళ్ళకీ మామూలుగా వచ్చిన హైబ్రిడ్ ఇంజిన్ 2024కల్లా అదనంగా డబ్బు కట్టి తీసుకునేదైపోయింది, 2025లో మళ్ళీ బేస్‌గా వచ్చింది కానీ అప్పటికి బేస్ ధరే డెస్టినేషన్ కలపకుండా 26 వేలు దాటింది. బండి తయారయ్యేది మెక్సికోలోని ఎర్మోసియోలో, అందుకే సుంకాల గొడవ మొదలయ్యాక 2025 మేలో కొన్ని మోడళ్ళ మీద రెండు వేల దాకా ఇంకో వడ్డన.

అంటే 2022లో స్టిక్కర్ ధరకి కొన్నవాడికి పెద్దగా నష్టం రాకపోవడానికి కారణం కొత్తదాని ధర పైకెళ్ళడం. పాత బండి దాని పక్కన చవగ్గా కనబడుతోంది, అంతే. అదే బండిని అదే ఏడాది ఐదు వేలు మార్కప్ కట్టి కొన్నవాడికి ఆ ఐదు వేలూ పోయాయి, రీసేల్‌లో దాని గురించి ఎవడూ అడగడు. రీసేల్ బాగుంటుంది అని ఈ బండి గురించి ఎవరు చెప్పినా, ఎంతకి కొన్నావ్ అని ఎదురడగండి. ఇవాళ మీరు 24 వేలకి కొంటే, మరో మూడేళ్ళకి కొత్తదాని ధర ఇంకో ఆరేడు వేలు పెరిగితే తప్ప 2022లో స్టిక్కర్ ధరకి కొన్నవాడికి జరిగింది మీకు జరగదు.

ఇక వడ్డీ. పాత బండికి ఇచ్చే లోన్ మీద వడ్డీ కొత్తదాని కంటే ఎప్పుడూ ఎక్కువే. మాటవరసకి 24 వేలకి 10 శాతం, ఐదేళ్ళు అనుకోండి, నెలకి 510 డాలర్లు కడతారు. 28 వేల కొత్త బండికి 6 శాతం అయితే 541. నాలుగు వేల తేడా కాస్తా నెలకి 31 డాలర్లయిపోయింది. మీ క్రెడిట్‌కి ఎంత వడ్డీ పడుతుందో కనుక్కుని ఇదే లెక్క మీరే వేసుకోండి, డీలర్ వేసి చూపిస్తానంటే వద్దనండి.

వారంటీ కూడా చూసుకోవాలి. మొత్తం బండికి ఇచ్చేది మూడేళ్ళు లేదా 36 వేల మైళ్ళు, అది దాటేసింది. ఇంజిన్, ట్రాన్స్‌మిషన్‌లకి ఐదేళ్ళు లేదా 60 వేలు, హైబ్రిడ్ భాగాలకి ఎనిమిదేళ్ళు లేదా లక్ష మైళ్ళు. ఇంకోటి, ఈ 2.5 లీటర్ హైబ్రిడ్ ఇంజిన్ దెబ్బతింటే ఆయిల్, పెట్రోల్ ఆవిరి బయటికొచ్చి మంటలంటుకునే ప్రమాదం ఉందని 2022లో రీకాల్ చేశారు (బండ్లని ఉచిత మరమ్మతుకి వెనక్కి పిలవడం), ఆ మరమ్మతు చాల్లేదని 2023లో మళ్ళీ చేశారు. రెండోది చేయించారో లేదో విన్ నంబర్ (ప్రతి బండికీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) కొట్టి ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో చూసుకోండి, ఉచితమే.

నా మాటైతే, పన్నులూ డాక్యుమెంట్ ఫీజూ అన్నీ కలిపి అవుట్ ద డోర్ 22 వేలకి ఇస్తే తీసుకోండి. 24 వేలు, దాని మీద మళ్ళీ పన్ను అంటే, కొంచెం ఆగి కొత్తదే కొనుక్కోండి.

ప్రశ్న: అన్నా, ఇండియాలో టొయోటా హైలక్స్ పికప్ దొరుకుతోంది, ఇక్కడ ఎందుకు దొరకదు? అసలు అమెరికాలో చిన్న ట్రక్కులే లేవేంటి? (ఆస్టిన్, టెక్సస్)

జవాబు: కోడి మాంసం వల్ల తమ్ముడూ. నవ్వకు, నిజంగానే. 1960ల మొదట్లో ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీలు అమెరికా కోళ్ళ మీద సుంకం పెంచితే, బదులుగా ప్రెసిడెంట్ జాన్సన్ దిగుమతయ్యే చిన్న ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేశాడు. 1964 నుంచి అమల్లో ఉంది. మిగతా వస్తువుల మీద వేసినవి ఎప్పుడో పోయాయి, ట్రక్కుల మీదది మాత్రం మిగిలింది, ఇప్పటికీ దాన్ని చికెన్ ట్యాక్స్ అనే అంటారు. సుబారు వాళ్ళు బ్రాట్ అనే బుల్లి పికప్ వెనక బెడ్‌లో (సామాను వేసే తెరిచిన చోటు) ప్లాస్టిక్ సీట్లు రెండు బిగించి, ఇది ట్రక్కు కాదు బాబూ కారు అని తెచ్చి అమ్మారు! కాబట్టి థాయ్‌లాండ్ నుంచి హైలక్స్ తెచ్చి ఇక్కడ అమ్మితే గిట్టదు. మావెరిక్ మెక్సికోలో తయారైనా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కింద ఈ చికెన్ ట్యాక్స్ తగలదు.

అమెరికా లోపలే తయారయ్యే చిన్నవి ఉండేవి, షెవీ ఎస్-10, పాత ఫోర్డ్ రేంజర్. ఎస్-10 2004లో ఆగింది, రేంజర్ 2011లో. బండి నేల మీద ఎంత చోటు ఆక్రమిస్తుందో దాన్ని బట్టి మైలేజీ లక్ష్యం పెట్టే రూలొకటి వచ్చింది, చిన్న బండికి పెద్ద లక్ష్యం, పెద్ద బండికి చిన్న లక్ష్యం. ఇక కంపెనీలు ఏం చేస్తాయో చెప్పక్కర్లేదు. 2019లో రేంజర్ తిరిగొచ్చింది కానీ ఒక సైజు పెరిగి వచ్చింది. పోటీ లేని చోట పాత బండి ధర పడదు, నువ్వు అడగని ప్రశ్నకి జవాబు కూడా అదే.

ప్రశ్న: మావారు హ్యుందాయ్ శాంటా క్రూజ్ అంటున్నారు, నేను మావెరిక్ అంటున్నాను. నాలుగేళ్ళు వాడి అమ్మేద్దామని మా ఆలోచన. అప్పుడు ఏది తక్కువ నష్టం? (షార్లెట్, నార్త్ కరోలినా)

జవాబు: అమ్మడం ఒక్కటే చూస్తే మావెరిక్ హైబ్రిడ్, అందులో నాకు అనుమానం లేదమ్మా. శాంటా క్రూజ్ లోపల కూర్చుంటే మాత్రం మీవారి మాటే నెగ్గేలా ఉంటుంది. టర్బో ఇంజిన్‌తో అయిదు వేల పౌండ్లు లాగుతుంది, మావెరిక్ గరిష్ఠం నాలుగు వేలు. కానీ మైలేజీ విషయంలో హైబ్రిడ్ దగ్గరికి రాదు, బెడ్ కూడా ఇంకాస్త పొట్టి, పాత బండి కొనేవాడు మొదట చూసేవి ఆ రెండే.

చాలామందికి తెలియనిది వారంటీ మెలిక. హ్యుందాయ్ గొప్పగా చెప్పే పదేళ్ళు, లక్ష మైళ్ళ ఇంజిన్ వారంటీ మొదటి యజమానికే. మీ దగ్గర కొనేవాడికి అది ఐదేళ్ళు, 60 వేల మైళ్ళకి దిగిపోతుంది, అదీ మీరు కొన్న రోజు నుంచి లెక్క. నాలుగేళ్ళకి అమ్మితే వాడికి మిగిలేది ఒక్క ఏడాది. పదేళ్ళు ఉంచుకునేవాళ్ళకి బంగారం లాంటి వారంటీ, మీ ప్లాన్‌కి దాని వల్ల ఒరిగేది తక్కువ.

మీవారి తరఫున ఒక్క పాయింట్. 2025 నుంచి 2028 దాకా, అమెరికాలోనే తయారైన కొత్త బండి లోన్ వడ్డీని ఏడాదికి పది వేల డాలర్ల వరకు పన్ను వేసే ఆదాయంలోంచి తీసేసుకోవచ్చు. శాంటా క్రూజ్ అలబామాలో తయారవుతుంది కాబట్టి దానికి వర్తిస్తుంది, మావెరిక్‌కి వర్తించదు. విన్ నంబర్ 1, 4, 5లతో మొదలైతే అమెరికా, 3తో మొదలైతే మెక్సికో. అయితే భార్యాభర్తల ఆదాయం కలిపి రెండు లక్షలు దాటితే ఇది కరుగుతూ పోయి రెండున్నర లక్షలకి సున్నా అవుతుంది, ఇద్దరూ ఐటీ అయితే దీని మీద ఆశ పెట్టుకోకండి.

ప్రశ్న: నా పాత పికప్‌కి డీలర్ 18 వేలు ఇస్తానంటున్నాడు. బయట అమ్మితే 19 వేలు వచ్చేలా ఉంది. కొత్తది 32 వేలు. ఏది మేలు? (ఫ్రిస్కో, టెక్సస్)

జవాబు: డీలర్‌కే ఇచ్చేయండి. టెక్సస్‌లో బండి మీద పన్ను 6.25 శాతం, అది ట్రేడ్ ఇన్ (పాత బండికి డీలర్ కట్టే విలువ) తీసేయగా మిగిలిన మొత్తం మీదే వేస్తారు. 32 వేల మీదైతే 2,000 డాలర్లు, 14 వేల మీదైతే 875. తేడా 1,125. అంటే బయట 19,125 వస్తేగానీ సమానం కాదు, పైగా ముక్కూమొహం తెలియనివాళ్ళు టెస్ట్ డ్రైవ్ అంటూ ఇంటికి రావడం, బండి మీద లోన్ ఉంటే దాని గొడవ, ఆ టెన్షన్ వేరే. కాలిఫోర్నియా పాఠకులు మాత్రం ఇది చదివి పరుగెత్తకండి, అక్కడ ట్రేడ్ ఇన్‌కి పన్ను మినహాయింపు లేదు, మీకు బయట అమ్మడమే లాభం.

ఆ 18 వేల దగ్గర ఆగిపోవద్దు. పాత బండ్లు కొనే కార్‌మ్యాక్స్ కంపెనీలో ఆన్‌లైన్‌లో ఆఫర్ తీసుకోండి, అది ఏడు రోజులు చెల్లుతుంది, ఆ కాగితం డీలర్ టేబుల్ మీద పెట్టండి. కొత్తదాని ధర రాతపూర్వకంగా తేలాకే పాతదాని మాటెత్తండి, రెండూ కలిపి మాట్లాడితే ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో లాగేస్తారు.

ఒకవేళ బయటే అమ్మాలనుకుంటే, అమ్మిన రోజే టెక్సస్ వాహనాల శాఖ డీఎంవీకి బండి చేతులు మారిందని నోటిఫికేషన్ పంపండి. కొన్నవాడు టైటిల్ (బండి యాజమాన్య పత్రం) తన పేరుకి మార్చుకోకుండా తిరిగితే టోల్ బిల్లులు మీ ఇంటికే వస్తాయి.

ప్రశ్న: బెడ్ కవర్, బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్, పెద్ద టైర్లు, అన్నీ కలిపి నాలుగు వేలు పెట్టాను. అమ్మేటప్పుడు ఎంత కలపమంటారు? (సియాటెల్)

జవాబు: సున్నా. లిఫ్ట్ కిట్ ఉంటే కొందరు కొనడానికే భయపడతారు. కంపెనీ ఇచ్చిన టైర్లూ స్ప్రింగులూ గరాజ్‌లో ఉంటే తిరిగి బిగించి, తీసినవి విడిగా అమ్ముకోండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చినవైతే వేరే మాట. మావెరిక్‌లో నాలుగు వేల పౌండ్లు లాగే టో ప్యాకేజీ అంటే హిచ్ (ట్రెయిలర్ తగిలించే కొక్కెం) ఒక్కటే కాదు, ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కూలర్, పెద్ద ఫ్యాన్, ట్రెయిలర్ బ్రేక్ కంట్రోలర్, వేరే గేర్ నిష్పత్తి కూడా, తర్వాత పెట్టించుకోవడం దాదాపు కుదరని పని. అలాంటిది ఉంటే ప్రకటనలో మొదటి లైన్‌లోనే రాయండి, అసలు విండో స్టిక్కర్ ఫొటో కూడా పెట్టండి.