హార్మోన్ మాత్రలు వాడితే ఊపిరితిత్తులకు ముప్పా?

ప్రశ్న: నా వయసు 53 ఏళ్లు. నెలసరి ఆగిపోయాక ఒంట్లోంచి ఆవిర్లు రావడం, నిద్ర పట్టకపోవడం భరించలేక డాక్టరు సలహాతో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ అనే హార్మోన్లు కలిసిన మాత్రలు వాడుతున్నాను. చాలాకాలం సిగరెట్లు కాల్చి, నాలుగేళ్ల క్రితం మానేశాను. ఈస్ట్రోజెన్ వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ రావచ్చని ఈమధ్య చదివాను. ఆ హార్మోన్‌కు ఊపిరితిత్తులతో పనేమిటి? మాత్రలు మానేయాలా?

జవాబు: ఈస్ట్రోజెన్ ప్రభావం గర్భాశయం, రొమ్ములతో ఆగిపోదు. దాన్ని అందుకునే గ్రాహకాలు, ముఖ్యంగా బీటా రకానివి, స్త్రీపురుషులిద్దరి ఊపిరితిత్తుల కణాల్లోనూ ఉంటాయి. ఈస్ట్రోజెన్ వాటికి అతుక్కున్నప్పుడు కణ విభజన వేగం పుంజుకోవచ్చు. పైగా ఊపిరితిత్తుల్లోని చాలా కణితుల్లో అరోమటేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది కాబట్టి, అవి ఈస్ట్రోజెన్‌ను అక్కడికక్కడే తయారు చేసుకోగలవు.

మీరు సిగరెట్లు కాల్చినవారు గనుక అంతకన్నా ముఖ్యంగా తెలుసుకోవలసింది, ఈ హార్మోన్ శరీరంలో విచ్ఛిన్నమయ్యే తీరు. సీవైపీ1ఏ1 అనే ఎంజైమ్ దాన్ని ప్రధానంగా 2-హైడ్రాక్సీ రూపంలోకి మారుస్తుంది. దాని నుంచి ఏర్పడే 2-మెథాక్సీ ఎస్ట్రాడయాల్ ప్రయోగశాలలో కణాల పెరుగుదలను అణచింది. సీవైపీ1బీ1 అనే మరో ఎంజైమ్ తయారుచేసే 4-హైడ్రాక్సీ రూపం మాత్రం క్వినోన్ అనే చురుకైన రసాయనంగా మారి, డీఎన్ఏ అక్షరాల్లాంటి అడినైన్, గ్వానైన్‌లకు అతుక్కుని వాటిని ఊడిపోయేలా చేయగలదు. ఆ ఖాళీలను పూడ్చడంలో కణం పొరబడితే ఉత్పరివర్తన, అంటే డీఎన్ఏలో శాశ్వతమైన మార్పు, మిగిలిపోతుంది. పొగాకు పొగలోని బెంజోపైరీన్ వంటి పదార్థాలు ఈ రెండు ఎంజైమ్‌ల ఉత్పత్తినీ పెంచుతాయి, తామూ వాటి చేతుల్లోనే క్యాన్సర్ కారకాలుగా మారతాయి. పొగ పీల్చిన ఎలుకల ఊపిరితిత్తుల్లో 4-హైడ్రాక్సీ రూపం పెరగడం పరిశోధకులు గమనించారు. అయితే ఇవన్నీ ఎక్కువగా కణాల మీద, జంతువుల మీద జరిగిన ప్రయోగాల ఫలితాలు కాబట్టి, మనుషుల విషయంలో 'కావచ్చు' అన్న మాట దాటి ముందుకు వెళ్లడం భావ్యం కాదు.

మనుషుల్లో దొరికిన ఆధారాల్లో బలమైనది అమెరికాలో జరిగిన విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ పరీక్ష. గర్భాశయం ఉన్న 16,608 మంది స్త్రీలలో కొందరికి మీరు వాడుతున్న తరహా మిశ్రమాన్ని, మిగిలినవారికి మందు లేని మాత్రను ఇచ్చారు. 2009లో వెలువడిన విశ్లేషణ ప్రకారం, ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చినవారి సంఖ్యలో స్పష్టమైన తేడా లేదు గానీ, దానితో మరణించినవారు మిశ్రమం వాడిన వర్గంలో 73 మంది, రెండో వర్గంలో 40 మంది. గర్భాశయం తీసేసిన స్త్రీలకు ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చిన మరో పరీక్షలో ఇలాంటి పెరుగుదల కనిపించలేదు. దీన్నిబట్టి, హార్మోన్ మిశ్రమం కొత్తగా క్యాన్సర్‌ను పుట్టించడం కన్నా, అప్పటికే మొదలైనదాన్ని ఉద్ధృతం చేసే అవకాశమే ఎక్కువని నా అభిప్రాయం. అయితే ఇది చదివి ప్రొజెస్టిన్ ఒక్కటీ మానేసి ఈస్ట్రోజెన్ మాత్రమే వేసుకోవాలని దయచేసి అనుకోకండి. గర్భాశయం ఉన్నవారిలో ఒంటరి ఈస్ట్రోజెన్ గర్భాశయ లోపొర క్యాన్సర్ ముప్పును పెంచుతుంది.

మీ అంతట మీరు మాత్రలు ఆపకుండా, రోజుకు ఎన్ని సిగరెట్లు, ఎన్నేళ్లపాటు కాల్చారో లెక్క రాసుకుని మీ డాక్టరును కలవండి. నేనైతే మీ విషయంలో హార్మోన్ లేని మందులతో ఆవిర్లు అదుపవుతాయేమో ముందు చూస్తాను. గాబాపెంటిన్, తక్కువ మోతాదు పారాక్సెటీన్ వంటివి కొందరికి బాగా పనిచేస్తాయి. స్కాన్ గురించి కూడా అడగండి. రోజుకు ఒక పెట్టె చొప్పున 20 ఏళ్లు, లేదా దానికి సమానంగా కాల్చి, మానేసి 15 ఏళ్లు దాటని 50–80 ఏళ్ల వారు ఏటా తక్కువ రేడియేషన్ సీటీ స్కాన్ చేయించుకోవాలని అమెరికా నిపుణుల సంఘం 2021లో సూచించింది. తగ్గని దగ్గు, కళ్లెలో రక్తపు చారలు కనిపిస్తే మాత్రం ఏటా చేసే స్కాన్ కోసం ఆగకుండా వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లండి.